ఐదు సెంట్ల పెరట్లో ఆరు కోళ్లు: ఎక్కడ మొదలుపెట్టాలి

అమ్మా, కావలి శివారులో ఇల్లు, వెనుక ఐదు సెంట్ల పెరడు, అందులో మునగ, నిమ్మ, అరటి, కొంచెం ఆకుకూరల మడి ఉన్నాయని రాశారు. పిల్లలకు ఇంటి గుడ్లు పెట్టాలని అయిదారు కోళ్లు పెంచాలనుకుంటున్నారు. ఏ జాతి మంచిది, మేత ఏం వేయాలి, పుంజు ఉండాలా, జబ్బు చేస్తే ఎలా, ఇప్పుడే తెచ్చుకోవచ్చా అని అడిగారు. గూడు గురించి మాత్రం ఏమీ అడగలేదు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గరి పల్లె. మా అమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో కోళ్లు ఉన్నాయి. చుట్టుపక్కల ఎవరు కొత్తగా పెట్టుకున్నా గూడు కట్టే చోటు చూడమనో, టీకాకు కోళ్లను పట్టుకోమనో పిలుస్తుంటారు. పెరటి కోడి ఆకలితో చనిపోవడం నేను ఎక్కడా చూడలేదు. రాత్రిపూట వచ్చే జంతువు, తడి, కొక్కెర తెగులు అనే అంటుజబ్బు, ఈ మూడింటితోనే పోతుంది. కాబట్టి కోడిని ఇంటికి తెచ్చే ముందే ఈ మూడింటికీ ఏర్పాటు జరిగిపోవాలి. మేత గురించి తర్వాత ఆలోచించినా నష్టం లేదు.

ఆరు కోళ్లు రాత్రి పడుకోవడానికి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు చాలు. అంటే కోడికి రెండు చదరపు అడుగుల చోటు. దాన్ని నేలమీద పెట్టకండి. అడుగున్నర, రెండడుగుల ఎత్తు కాళ్లమీద నిలపండి. మన నెల్లూరు వైపు పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడతాయి. వాయుగుండం పట్టిందంటే మూడు నాలుగు రోజులు నేల ఆరదు. గూడు కింద నీళ్లు నిలిచాయంటే పైన పరిచిన ఊక తడుస్తుంది, తడి ఊకలో రక్తపారుడు రోగం పుడుతుంది, చిన్న కోడిపిల్లలు వరుసగా పోతాయి. పెరట్లో ఎక్కడ నీళ్లు నిలుస్తాయో మీ అత్తగారిని అడగండి, ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉన్నవారికి అది బాగా తెలుసు. ఆ చోటు వదిలేసి మిట్ట మీద, నిమ్మచెట్టు నీడ పడేచోట పెట్టండి.

గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ నేరుగా లోపలికి కొట్టవు. మన వాన జల్లు ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి కొడుతుంది కాబట్టి ఆ రెండు వైపులా కార్తీక మాసానికి ముందే గోనెపట్టా గాని టార్పాలిన్ గాని కట్టండి. పైన జానెడు మేర మాత్రం గాలికి వదలాలి. గాలి ఆడని గూట్లో రెట్ట వాసన ఘాటెక్కి కోళ్ల కళ్లు నీరు కారుతాయి. కప్పుకు ఒట్టి రేకు వద్దు, మే నెలలో కింద ఉన్న కోడి ఉడికిపోతుంది. సిమెంటు రేకు వేసి దానిమీద తాటాకు కప్పితే వానకూ ఎండకూ తట్టుకుంటుంది.

గూటికి కొట్టే ఇనుప జాలి దగ్గర డబ్బు తగ్గించకండి. ఆరుపలకల కన్నులతో సన్నగా ఉండే కోళ్ల జాలి కోడి బయటికి పోకుండా ఆపుతుందే గాని కుక్క పళ్లకు ఆగదు. అరంగుళం కన్ను ఉన్న వెల్డింగు జాలి కొనండి, కనీసం కింది రెండడుగులకైనా. ముంగిసకు ఎంత సందు కావాలో చూస్తే ఆశ్చర్యపోతారు. తల దూరితే ఒళ్లంతా దూరుతుంది. ఒక్క కోడిని తిని ఊరుకోదు, ఉన్నవాటన్నిటి మెడలూ కొరికి పోతుంది. పిల్లి, పందికొక్కు, గుడ్ల కోసం వచ్చే పాము, అన్నిటికీ ఇదే జాలి జవాబు. తలుపుకు గడియ ఒక్కటే చాలదు, పైన ఒక కొక్కెం కూడా ఉండాలి.

లోపల పడుకోవడానికి ఒక కర్ర అడ్డంగా కట్టాలి. కోడి నేలమీద పడుకోవడానికి ఇష్టపడదు. మన తీరంలో సరుగుడు కర్ర తేలికగా దొరుకుతుంది. రెండంగుళాల లావుది తెచ్చి, బెరడు ఊడే చోట్ల చెక్కి కట్టండి. మరీ సన్నని కర్ర మీద కాళ్లకు పట్టు దొరకదు. కోడికి ఎనిమిది, తొమ్మిది అంగుళాల చోటు లెక్క వేసుకోండి. కర్రలు రెండైతే రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైన ఉంటే ఆరూ దానికోసమే పొడుచుకుంటాయి. గుడ్లు పెట్టడానికి చీకటి మూల రెండు బుట్టలు, వాటిలో వరిగడ్డి. ఇవి పడుకునే కర్ర కంటే కిందే ఉండాలి, లేకపోతే బుట్టలోనే పడుకుని అంతా రెట్టవేస్తాయి. నేలకు రెండు మూడంగుళాల మందాన ఊక పోసి, వారానికోసారి తిరగేయండి. మన జిల్లాలో రైసుమిల్లు లేని ఊరు తక్కువ, ఊకకు లోటుండదు.

ఇక జాతి. మీకు నేను చెప్పేది నాలుగు గ్రామప్రియ పెట్టలు, రెండు నాటు పెట్టలు. గ్రామప్రియను హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. వనరాజా, శ్రీనిధి కూడా అక్కడివే. గ్రామప్రియ గుడ్ల కోసం, వనరాజా గుడ్లతో పాటు మాంసం కోసం. వనరాజా ఒళ్లు బరువు, కుక్క వెంటపడితే చెట్టెక్కలేదు. మీకు గుడ్లే కావాలన్నారు కాబట్టి గ్రామప్రియ మేలు. పెరట్లో సరిగ్గా చూసుకుంటే ఏడాదికి 150 గుడ్లకు పైగా పెడుతుంది. నాటు పెట్ట పెట్టేది అందులో సగం కూడా ఉండదు. పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. మరి నాటువి రెండు ఎందుకంటే, పొదగడానికి. గ్రామప్రియకు పొదిగే బుద్ధి తక్కువ. ఎప్పుడైనా పిల్లలు తీయాలంటే నాటు పెట్టే దిక్కు. ఒక మాట గుర్తుంచుకోండి, గ్రామప్రియ సంకర జాతి. దాని గుడ్లు పొదిగిస్తే వచ్చే పిల్లలు తల్లి అంత గుడ్లు పెట్టవు. మందను కొనసాగించాలంటే మళ్లీ పిల్లలను కొనవలసిందే.

అసీల్ మన ఆంధ్ర కోడే, అందమైనదే, కానీ పిల్లలున్న చిన్న పెరటికి వద్దు. గుడ్లు తక్కువ, పోట్లాట ఎక్కువ. సైకిళ్లమీద గులాబీ, ఆకుపచ్చ రంగులద్ది అమ్మే కోడిపిల్లలను మీ పిల్లలు ఎంత ఏడ్చినా కొనకండి. అవి ఎక్కువగా లేయరు (గుడ్ల కోళ్ల) హాచరీలు పనికిరావని తీసేసిన పుంజు పిల్లలు. టీకా ఉండదు, వెచ్చదనం ఉండదు, వారం తిరగకుండా చాలావరకు చనిపోతాయి. ఆ ఏడుపు ఇంకా పెద్దది.

ఒక రోజు వయసు కోడిపిల్లలతో మొదలుపెట్టడం మీకు వద్దు. వాటికి మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తూ నాలుగైదు వారాలు బల్బు కింద ఉంచాలి. రాత్రి కరెంటు పోతే అన్నీ ఒక మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కి ఊపిరాడక చనిపోతాయి. పైగా ఆ వయసులో ఏది పెట్టో ఏది పుంజో మీరు గుర్తుపట్టలేరు, సగం పుంజులే రావచ్చు. ఆరేడు వారాలు పెంచిన పిల్లలను అడగండి. ధర ఎక్కువైనా చివరికి అదే చౌక. ఎక్కడ దొరుకుతాయో మీ పశువైద్యశాలలో, రైతు సేవా కేంద్రంలో, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి. ప్రకాశం వైపు వారికైతే దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది.

ఎప్పుడు తేవాలి అన్నదానికి నా జవాబు: సంక్రాంతి వెళ్లాక, జనవరి చివర. పండుగ ముందు నాటుకోడి ధర కొండెక్కి ఉంటుంది, కనుమ దాటగానే దిగుతుంది. అంతకంటే పెద్ద కారణం వాతావరణం. అక్టోబరు, నవంబరులో తెస్తే చిన్న పిల్లలు ముసురులో పడతాయి. ఏప్రిల్‌లో తెస్తే ఇంటికి అలవాటుపడే లోపే వడగాడ్పులు మొదలవుతాయి. జనవరి చివర ఏడు వారాల పిల్లలను తెస్తే రోహిణి కార్తె నాటికి అయిదు నెలల పెట్టలు అవుతాయి, ఎండకు నిలబడతాయి. జూన్, జులైలో గుడ్లు మొదలవుతాయి. మొదటి గుడ్లు చిన్నవిగా ఉంటాయి, కంగారు పడకండి. ఇప్పటి నుంచి సంక్రాంతి దాకా గూడు కట్టుకోండి, సమయం సరిగ్గా సరిపోతుంది.

సంతలో కొంటే పట్టుకుని చూసి కొనండి. ఈక విప్పి చూడండి, రెక్క కింద, ముడ్డి చుట్టూ పేలు పాకుతుంటే తెలుస్తుంది. ముడ్డి దగ్గర ఈకలకు రెట్ట అంటుకుని ఉంటే వద్దు. కళ్లు మెరుస్తూ ఉండాలి, ముక్కు నుంచి నీరు కారకూడదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి వినండి, గురగుర శబ్దం వస్తే తిరిగి ఇచ్చేయండి. రొమ్ము ఎముకను వేళ్లతో తడిమితే కత్తి అంచులా తగలకూడదు, రెండు వైపులా కండ ఉండాలి. ఇంత చూసి తెచ్చినా, ఇంట్లో పాత కోళ్లు ఉంటే కొత్తవాటిని రెండు మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ల గిన్నెతో ఉంచాలి. ఊళ్లోకి కొక్కెర తెగులు వచ్చేది చాలాసార్లు సంత నుంచి తెచ్చిన కోడితోనే.

కొక్కెర తెగులునే రాణిఖేత్ అంటారు. తెల్లటి, ఆకుపచ్చటి పారుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం, రెక్కలు వాలేయడం, కొన్నిటికి మెడ మెలితిరగడం. రెండు రోజుల్లో వీధి ఖాళీ అవుతుంది. వచ్చాక మందు లేదు. ఉల్లిపాయ, వెల్లుల్లి, పసుపు పెడితే తగ్గిందని చెప్పేవారు ఉంటారు, నమ్మి సమయం పోగొట్టుకోకండి. టీకా ఒక్కటే దారి. ఏడో రోజున కొక్కెర తెగులుకు లసోటా చుక్క కంట్లో, పద్నాలుగో రోజున గంబోరో అనే మరో జబ్బుకు టీకా, నాలుగు వారాలకు మళ్లీ లసోటా, ఆరు వారాలప్పుడు మశూచి టీకా, ఎనిమిది వారాలకు కొక్కెర తెగులుకే ఆర్‌టూబీ అనే టీకా ఇంజక్షన్. మీరు కొనే పిల్లలకు ఇందులో ఏవి అయ్యాయో అమ్మేవారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆర్‌టూబీ మాత్రం ఆరు వారాల లోపు పిల్లలకు వేయించకూడదు, అది గట్టి టీకా, పసి కోడిపిల్లలకు టీకాయే జబ్బు అవుతుంది. పెద్దవయ్యాక ఆరు నెలలకోసారి మళ్లీ వేయించాలి.

ఇక్కడే కొద్ది కోళ్లు ఉన్నవారికి ఒక చిక్కు ఉంది. టీకా సీసా వంద కోళ్లకు సరిపడా వస్తుంది. ఆరు కోళ్ల కోసం సీసా విప్పడానికి ఎవరూ ముందుకు రారు. మా ఊళ్లో మేము చేసేది చెబుతాను. వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ముందే మాట్లాడుకుంటాం. ఆ రోజు సాయంత్రం కోళ్లను కాస్త ముందే మూసేస్తాం. టీకా సీసాను మంచుముక్కలున్న ఫ్లాస్కులో తెస్తారు. కలిపిన తర్వాత గంట, రెండు గంటల లోపే అయిపోవాలి, ఎండ తగలకూడదు. చీకటి పడ్డాక కర్రమీద కూర్చున్న కోడిని రెండు చేతులతో రెక్కలు అదిమి తీస్తే అరవదు, పెనుగులాడదు. పగలు వెంటపడి పట్టుకున్న కోడి రొప్పుతూ ఉంటుంది, దానికి సూది వేయడం వేసేవారికీ కష్టం, కోడికీ కష్టం. ఇలా ఒక్క సాయంత్రంలో వీధి అంతా అయిపోతుంది. మీ వీధిలో కూడా అడిగి చూడండి, మీ కోళ్లకు మాత్రమే వేయించి పక్కింటివి వదిలేస్తే తెగులు గోడ పక్కనే కాచుకుని ఉంటుంది. నీరసంగా ఉన్న కోడికి టీకా వేయించకండి, బాగున్నవాటికే. టీకాకు వారం ముందు నట్టల మందు తాగించడం మంచిది, తర్వాత మూడు నెలలకోసారి.

2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటి నుంచి మా వైపు జనం నీళ్ల విషయంలో జాగ్రత్తగా ఉంటున్నారు. శీతాకాలంలో మన చెరువులకూ పులికాట్‌కూ వలస పక్షులు వస్తాయి. చెరువు నీళ్లు, బాతులు దిగే గుంట నీళ్లు కోళ్లకు పెట్టకండి. నీళ్ల గిన్నె కాకులు వాలని చోట, గూటి కప్పు కింద ఉండాలి. ఒకేసారి రెండు మూడు కోళ్లు కారణం తెలియకుండా చనిపోతే ముట్టుకోకుండా పశువైద్యుడికి చెప్పండి, 1962కు ఫోను చేసినా సరే. చనిపోయినదాన్ని కాలువలో పారేయడం మహా తప్పు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

మేత సంగతికి వస్తే, పెద్ద కోడి రోజుకు వంద, నూట ఇరవై గ్రాములు తింటుంది. ఐదు సెంట్లలో తిరిగి ఏరుకునేది కొంత ఉంటుంది గాని అంతా అక్కడే దొరకదు. మిగిలిన అన్నం ఒక్కటే వేస్తే కోడి కొవ్వెక్కుతుంది, గుడ్డు మాత్రం రాదు. అయిదు పాళ్లు నూకలు, సజ్జలు, మొక్కజొన్న ఏది చౌకగా ఉంటే అది, రెండు పాళ్లు తౌడు, రెండు పాళ్లు వేరుశనగ చెక్క, ఒక పాలు ఎండు చేపల పొడి. మీకు జువ్వలదిన్నె దగ్గరే, ఎండు నెత్తళ్లు దొరుకుతాయి, కానీ ఉప్పు వేయకుండా ఎండబెట్టినవే తీసుకోండి. ఉప్పు ఎక్కువైతే కోడి నీళ్లు తాగీ తాగీ పారుకుని చనిపోతుంది. వేరుశనగ చెక్కకు బూజు వాసన వస్తే పారేయండి, ఆ బూజు విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. గుడ్డు పెంకు గట్టిగా ఉండడానికి ఆల్చిప్పల నూకను వేరే చిప్పలో పెట్టండి, మేతలో కలపవద్దు. ఏ కోడికి ఎంత కావాలో అదే తింటుంది. గుడ్డు పెంకులు కూడా వేయవచ్చు, వేయించి పొడి చేస్తేనే. పెంకు పెంకులా వేస్తే గుడ్డు రుచి తెలిసి పొడుచుకు తినడం మరుగుతాయి, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. మునగాకు మీ పెరట్లోనే ఉంది, రోజూ ఒక రెమ్మ కట్టి వేలాడదీయండి. పచ్చసొన రంగు రెండు వారాల్లో మారుతుంది.

ఎండాకాలం మేత తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే. మధ్యాహ్నం తిన్న మేత ఒంట్లో వేడి పెంచుతుంది. నీళ్లు మట్టి మూకుడులో, నీడలో, రోజుకు మూడుసార్లు మార్చండి. గూటి పక్కల తడి గోనెలు కట్టండి. ఆ రోజుల్లో గుడ్డు పెంకు పలచబడితే భయపడకండి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ వేడి పోగొట్టుకుంటుంది. ఆ రొప్పులో రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోయి, పెంకుకు కావలసిన సరుకు తగ్గుతుంది.

పుంజు అవసరం లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, అవి పిల్లలు కావు, అంతే. తెల్లవారుజామున నాలుగింటికే కూత మొదలైతే పట్టణ శివారులో ఇరుగుపొరుగుతో మాట వస్తుంది. నాటు పెట్ట పొదుగుకు కూర్చున్నప్పుడు పల్లె నుంచి పుంజు తొక్కిన గుడ్లు పది తెచ్చి పెట్టుకోండి. ఇరవై ఒక్క రోజులు. ఏడో రోజు రాత్రి ఫోను దీపం వెనుక పెట్టి చూస్తే లోపల ఎర్రని నరాలు కనిపించాలి, ఏమీ కనిపించనివి తీసేయండి.

మీ ఆకుకూరల మడి ఉండాలంటే దాని చుట్టూ కంచె కట్టాలి. కోడి గీరడం మానదు, మొలకలు బతకవు. సాయంత్రం రెండు గంటలు మునగ, నిమ్మ, అరటి కిందికి వదలండి, పురుగులు ఏరుతాయి, నేల గుల్లవుతుంది. పచ్చి రెట్టను నేరుగా మొక్క మొదట్లో వేయకండి, వేరు మాడుతుంది. ఊకతో కలిపి గుంటలో మూడు నాలుగు నెలలు మాగనివ్వండి. నిమ్మకు మందు కొట్టిన వారం కోళ్లను ఆ వైపు వదలకూడదు.

తెచ్చిన మొదటి నాలుగైదు రోజులు గూట్లోనే మూసి ఉంచి అక్కడే మేత, నీళ్లు పెట్టండి. ఆ తర్వాత వదిలితే పొద్దుగూకేసరికి వాటంతట అవే తిరిగి వస్తాయి. తలుపు వేసే ముందు లెక్కపెట్టండి, ఒక్కొక్కదాని మెడ కింద మేత నిండే సంచిని వేలితో తాకండి. సాయంత్రం అది నిండుగా, మెత్తగా ఉండాలి. ఖాళీగా ఉన్న కోడి ఆ రోజు తినలేదు, లేదా మిగతావి దాన్ని తిననివ్వలేదు. పొద్దున తలుపు తీసేసరికి సంచి ఖాళీ అయి ఉండాలి, గట్టిగా అలాగే ఉంటే అరగలేదని అర్థం. జబ్బు బయటికి కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఈ సంచి చెబుతుంది. ఈ పని పిల్లలకు నేర్పండి, ఇష్టంగా చేస్తారు, ముగించాక సబ్బుతో చేతులు కడగడం మాత్రం తప్పనిసరి.

రెండు రోజులు ఊరికి వెళ్లవలసి వస్తే మేత, నీళ్లు ఎక్కువ పెట్టి వెళ్లిపోకండి. పక్కింటివారికి తాళం ఇచ్చి, చీకటి పడ్డాక తలుపు వేసి పొద్దున్నే తీయమని చెప్పండి, ఆ రెండు రోజుల గుడ్లు వారినే తీసుకోమనండి. గూడు కట్టే ముందు కొలతలు, పెట్టే చోటు ఒకసారి రాయండి, చూసి చెబుతాను.